అమ్మకు సీటీ స్కాన్ రాశారు, అక్కడ ఏం జరుగుతుందో చెప్పండి

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది నంద్యాల దగ్గర పల్లె. మా అమ్మకు 58 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది, నాలుగేళ్ల నుంచి బీపీ కూడా. మెట్‌ఫార్మిన్, ఇంకో షుగర్ మాత్ర వాడుతోంది. రెండు నెలలుగా పొట్ట పైభాగంలో నొప్పి అంటోంది. తిండి సయించడం లేదు, నాలుగు కిలోలు తగ్గింది. అల్ట్రాసౌండ్ తీయిస్తే గ్యాస్ అడ్డం వచ్చి క్లోమం సరిగా కనిపించలేదని రాశారు. డాక్టరు గారు ‘సీఈసీటీ అబ్డామెన్’ రాసి, కర్నూల్లో ఒక ప్రైవేటు సెంటర్ పేరు చెప్పారు. అక్కడ 8,500 అంటున్నారు. ఇంకోచోట అడిగితే 5,500 అన్నారు. పక్కింటావిడేమో తనను గొట్టంలోకి తోసి అరగంట సేపు డబడబా మోగించారని చెప్పింది. ఎక్కించే మందుతో కిడ్నీలు పోతాయని ఒకరు, రేడియేషన్‌తో క్యాన్సర్ వస్తుందని ఇంకొకరు అన్నారు. అమ్మ ససేమిరా రానంటోంది. నాకూ టెన్షన్‌గానే ఉంది. ప్రైవేటులో చేయిస్తే మొదటి నుంచి చివరిదాకా ఏం జరుగుతుందో చెబుతారా?

జవాబు: చెల్లెమ్మా, సీటీ గదిలో టెక్నీషియన్‌గా పద్దెనిమిదేళ్లు పనిచేశాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కూతురి చెయ్యి వదలకుండా తలుపు దగ్గరే ఆగిపోయిన అమ్మలను ఎంతమందినో చూశాను. మీ ఉత్తరం చదువుతుంటే వాళ్లే కళ్ల ముందు కనిపించారు.

అన్నిటికంటే ముందు ఒక సంగతి. ఇది అవసరమైన స్కానే, వాయిదా వేయకండి. షుగర్ ఉన్న మనిషికి ఈ వయసులో నొప్పి, ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం మూడూ కలిసి వచ్చినప్పుడు క్లోమాన్ని చూడకుండా వదిలేయకూడదు. క్లోమం కడుపులో బాగా లోపల, జీర్ణాశయానికి వెనక, వెన్నెముకకు ముందు అడ్డంగా ఉంటుంది. అల్ట్రాసౌండ్ శబ్ద తరంగాలతో చూస్తుంది, ఆ తరంగాలు గాలిని దాటి పోలేవు. పేగుల్లో గ్యాస్ ఉంటే దాని వెనక ఉన్నదంతా మసకే. సీటీ ఎక్స్‌రేలతో చూస్తుంది కాబట్టి గ్యాస్ దానికి అడ్డం రాదు. స్కాన్ రాశారంటే పెద్ద జబ్బు ఉందని తేల్చేశారని అనుకోకండి. చూడాల్సిన చోటు ఇంకా చూడలేదు, అంతవరకే. ఒకవేళ స్కాన్‌కు వెళ్లేలోపే కళ్లు పచ్చబడినా, ఆగకుండా వాంతులైనా, జ్వరంతో నొప్పి తిరగబెట్టినా అపాయింట్‌మెంట్ రోజు కోసం ఎదురుచూడకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పక్కింటావిడ అబద్ధం చెప్పలేదు, కానీ ఆమె చెప్పింది ఎమ్మారై గురించి. పొడుగాటి గొట్టం, డబడబా చప్పుడు, అరగంట పడుకోవడం అన్నీ ఎమ్మారైవే. సీటీ యంత్రం నిలబెట్టిన పెద్ద గారెలా ఉంటుంది. మధ్యలో చిల్లు, దాని వెడల్పు రెండున్నర అడుగుల దాకా ఉంటుంది. గారె మందం తక్కువే, పడుకుంటే అవతలి గోడ కనిపిస్తూనే ఉంటుంది. మనిషి పడుకున్న బల్ల ఆ చిల్లులోంచి ముందుకీ వెనక్కీ జరుగుతుంది. రింగు లోపల ఎక్స్‌రే ట్యూబు గిర్రున తిరుగుతుంది కాబట్టి వాషింగ్ మెషిన్ తిరిగినట్టు గుయ్‌మనే శబ్దం వస్తుంది. ఆ యంత్రం ఒంటికి తగలదు, అందులోంచి షాకు కొట్టేదీ ఏమీ లేదు. 1971 అక్టోబరు 1న లండన్‌లో హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజినీరు తయారుచేసిన యంత్రంతో మొదటిసారి ఒక రోగి మెదడును ఇలా చూశారు. అప్పట్లో ఒక్కో చిత్రానికి నిమిషాలకు నిమిషాలు పట్టేది. ఇప్పుడు పొట్ట మొత్తానికి పది సెకన్లు చాలు. మీ అమ్మగారు బల్ల మీద ఉండేది పదిహేను, ఇరవై నిమిషాలు. మిగతా సమయమంతా ముందు చేసే ఏర్పాట్లకు, తర్వాత కూర్చోబెట్టడానికీ పోతుంది. మొత్తం మీద మూడు గంటలు పడుతుందనుకుని బయలుదేరండి.

ఇప్పుడు డబ్బు సంగతి. డాక్టరు చెప్పిన సెంటర్‌కే వెళ్లి తీరాలన్న నియమం లేదు. రోగిని పంపినందుకు డాక్టర్లు కమిషన్ తీసుకోవడం మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల ప్రకారమే తప్పు. అలాగని ప్రతి సిఫారసునూ కమిషన్ కళ్లతో చూడకండి. ఫలానా రేడియాలజిస్టు, అంటే స్కాన్ చిత్రాలు చదివే డాక్టరు, రిపోర్టు బాగా రాస్తారన్న నమ్మకంతో పంపే డాక్టర్లూ చాలామంది ఉన్నారు, పొట్ట స్కాన్‌లో ఆ తేడా నిజంగానే పెద్దది. కాబట్టి మొహమాటపడకుండా, “సార్, అక్కడే ఎందుకు తీయించమంటున్నారు? ఇంకోచోట తక్కువ అంటున్నారు, పర్వాలేదా?” అని అడిగేయండి. మంచి డాక్టరు దానికి కోపం తెచ్చుకోరు.

8,500కూ 5,500కూ తేడా ఎక్కడుందో ఫోన్లోనే తేలిపోతుంది. స్కాన్ కోసం నరంలోకి ఎక్కించే కాంట్రాస్ట్ మందు ఆ రేటులోనే కలిసి ఉందా, విడిగా కట్టాలా? క్రియాటినిన్ అనే కిడ్నీల రక్తపరీక్ష, ఫిల్ములు, సీడీ కలిపి చెప్పారా? చాలాచోట్ల తక్కువ రేటు చెప్పి, వెళ్లాక మందుకని, సిరంజికని, ఫిల్ముకని కలుపుకుంటూ పోతారు. చివరికి రెండు సెంటర్ల బిల్లులూ దగ్గర దగ్గరగా వస్తాయి. ఆ తర్వాత డబ్బుకంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటి అడగండి. ఇంజెక్షన్ ఇచ్చే సమయానికి సెంటర్లో డాక్టరు ఉంటారా? ‘ఉదయం ఉండరు, సాయంత్రం వచ్చి రిపోర్టు రాస్తారు’ అని చెబితే, డాక్టరు ఉండే వేళకే అపాయింట్‌మెంట్ తీసుకోండి. మందు ఎక్కించే స్కాన్ డాక్టరు లేకుండా చేయించుకోవద్దు, ఎంత తగ్గించినా సరే.

‘మాది 128 స్లైసుల మిషన్’ అని గొప్పగా చెబుతారు. ట్యూబు ఒక్క చుట్టు తిరిగితే ఎన్ని పొరల చిత్రాలు వస్తాయో ఆ అంకె చెబుతుంది. గుండె రక్తనాళాల స్కాన్‌కైతే 64 స్లైసులైనా ఉండాలి. మీ అమ్మగారి పొట్టకు 16 స్లైసుల యంత్రం సరిపోతుంది, స్లైసుల కోసం అదనంగా వేలు పెట్టకండి. ఇక సీటీ యంత్రం నడపాలంటే అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ లైసెన్సు తప్పనిసరి. సెంటర్లో అది కనబడకపోతే ‘ఉందా’ అని అడగడం మీ హక్కు.

డబ్బు కష్టమైతే కర్నూలు పెద్దాసుపత్రిలోనూ సీటీ ఉంది. రద్దీ వల్ల రోజులు పట్టొచ్చు, కానీ అక్కడ తీసినంత మాత్రాన స్కాన్ నాణ్యత తగ్గదు. బయట సెంటర్లో విడిగా తీయించుకున్న స్కాన్‌కు మామూలుగా ప్రభుత్వ ఆరోగ్య కార్డు పనిచేయదు. ఆసుపత్రిలో చేర్చుకుని పథకం కింద చికిత్స చేసేటప్పుడైతే పరీక్షలు ప్యాకేజీలో కలుస్తాయి. ప్రైవేటు బీమా ఉంటే ఈ బిల్లు, డాక్టరు చీటీ రెండూ దాచండి. తర్వాత అదే జబ్బుకు ఆసుపత్రిలో చేరాల్సి వస్తే, చేరడానికి ముందు నెలా రెండు నెలల్లో అయిన పరీక్షల ఖర్చు చాలా పాలసీల్లో తిరిగి వస్తుంది.

చీటీ మీద ఉన్న ‘సీఈసీటీ’లో మొదటి రెండక్షరాలు కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీయమని చెబుతాయి. రంగు మందు, డై అని మనవాళ్లు అంటారు గానీ దానికి రంగేమీ ఉండదు, నీళ్లలా ఉంటుంది. అందులో అయోడిన్ ఉంటుంది, అయోడిన్ ఎక్స్‌రేలను అడ్డుకుంటుంది కాబట్టి మందు పారే రక్తనాళాలు, అవయవాలు తెల్లగా మెరుస్తాయి. మందు లేకుండా తీస్తే క్లోమం, దాన్ని ఆనుకున్న పేగు, రక్తనాళం అన్నీ ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి. ‘ప్లెయిన్ తీసేయండి, రేటు తగ్గుతుంది కదా’ అని అడిగేవాళ్లు రోజూ వస్తారు. క్లోమం కోసం వెళ్లి ప్లెయిన్ తీయించుకుంటే మళ్లీ డబ్బు కట్టి మళ్లీ రావడమే అవుతుంది.

మందుతో కిడ్నీలు పోతాయన్న భయం ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. ఒంట్లోకి వెళ్లిన మందును ఒకటి రెండు రోజుల్లో బయటకు పంపాల్సింది కిడ్నీలే. అవి ముందే బాగా దెబ్బతిని ఉంటే భారం పడొచ్చు. బాగా పనిచేసే కిడ్నీలకు అలాంటి గండం లేదు. అది తేల్చేదే క్రియాటినిన్ పరీక్ష. పన్నెండేళ్ల షుగర్ ఉంది కాబట్టి మీ అమ్మగారికి అది తప్పనిసరి. నంద్యాలలోనే ఒకరోజు ముందు చేయించి రిపోర్టు వెంట తీసుకెళ్లండి. ఎక్కువ ఖర్చు ఉండదు, కర్నూల్లో గంటల కొద్దీ కూర్చునే పని తప్పుతుంది. ఆ రిపోర్టులో ‘ఈజీఎఫ్ఆర్’ అనే అంకె కూడా ఉందేమో చూడండి. కిడ్నీలు నిమిషానికి ఎంత రక్తాన్ని వడకడుతున్నాయో చెప్పే లెక్క అది. 30 కంటే తక్కువ ఉంటే మందు ఎక్కించాలా వద్దా అన్నది డాక్టర్లు మాట్లాడుకుని నిర్ణయించాలి.

మెట్‌ఫార్మిన్ గురించి ఒకరు ఆపమంటారు, ఇంకొకరు అక్కర్లేదంటారు. మెట్‌ఫార్మిన్ కిడ్నీని పాడు చేయదు. కాంట్రాస్ట్ మందు వల్ల కిడ్నీ పని తగ్గితే మెట్‌ఫార్మిన్ ఒంట్లో పేరుకుని రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరుగుతుందని భయం. ఇప్పటి మార్గదర్శకాల ప్రకారం ఈజీఎఫ్ఆర్ 30కి పైన ఉండి, ఉన్నట్టుండి వచ్చిన కిడ్నీ సమస్యేమీ లేకపోతే ఆపాల్సిన పనిలేదు. అయినా మన సెంటర్లు చాలావాటిలో స్కాన్ రోజు నుంచి 48 గంటలు ఆపమనే చెబుతారు. రెండు రోజులు ఆపినా కొంప మునగదు, కానీ ఆ రెండు రోజులు షుగర్ సంగతేమిటో మీ డాక్టరును అడిగి ఉంచుకోండి. ఇంకొకటి, నొప్పికి అమ్మగారు మెడికల్ షాపులో కొన్న మాత్రలు మింగుతున్నారేమో చూడండి. డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీకి మంచివి కావు, వాటి గురించీ డాక్టరుకు చెప్పండి.

ఆ రెండో షుగర్ మాత్ర దగ్గర మాత్రం చాలా జాగ్రత్తగా ఉండండి. స్కాన్‌కు నాలుగైదు గంటల ముందు నుంచి ఏమీ తినొద్దంటారు. పాపం ఒక పెద్దాయన క్రమం తప్పకూడదని పొద్దున్నే గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర వేసుకుని, తినొద్దన్నారు కదా అని ఖాళీ కడుపుతో బస్సెక్కి వచ్చారు. వరుసలో కూర్చున్న మనిషికి చొక్కా మొత్తం చెమటతో తడిసిపోయింది, మాట తడబడుతోంది. కొడుకేమో స్కాన్ భయం అనుకుని విసనకర్రతో విసురుతున్నాడు. గ్లూకోమీటర్‌తో చూస్తే 48. గ్లూకోజ్ ఎక్కించి, స్కాన్ మరునాటికి మార్చాం. తిండి లేనప్పుడు షుగర్ మాత్ర గానీ ఇన్సులిన్ గానీ మామూలుగా తీసుకోకూడదు, ఎప్పుడు ఎంత తీసుకోవాలో ముందురోజే డాక్టరును అడగండి. బీపీ మాత్రను మాత్రం ఆపకుండా గుక్కెడు నీళ్లతో వేయించండి. మంచినీళ్లు తాగొచ్చు, సెంటర్‌వాళ్లు ప్రత్యేకంగా వద్దంటే తప్ప.

సెంటర్‌కు వెళ్లగానే ఒక ఫారం చేతికిచ్చి సంతకం పెట్టమంటారు. చాలాచోట్ల అది ఇంగ్లీషులో ఉంటుంది, అందరూ చదవకుండానే పెట్టేస్తారు. అమ్మగారికి ఇదివరకు ఎప్పుడైనా ఇలాంటి మందు ఎక్కించినప్పుడు దద్దుర్లు గానీ ఆయాసం గానీ వచ్చాయా అన్నది అందులో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. ఆస్తమా, థైరాయిడ్ ఎక్కువగా ఉండటం, కిడ్నీ జబ్బు, మందులు పడకపోవడం, వాడుతున్న మాత్రలు అన్నీ నోటితో చెప్పండి, రాశారో లేదో చూడండి. రొయ్యలు పడనివాళ్లకు ఈ మందు పడదని ఒక మాట ప్రచారంలో ఉంది. రొయ్యలు పడకపోవడానికి కారణం వాటిలోని ప్రొటీను, అయోడిన్ కాదు. అదీ చెప్పండి, కానీ భయపడకండి.

తర్వాత లీటరుకు పైగా నీళ్లు ఇచ్చి, ముప్పావుగంటలో కొంచెం కొంచెంగా తాగమంటారు. క్లోమం చూడటానికి కొన్నిచోట్ల మామూలు మంచినీళ్లే ఇస్తారు. కొన్నిచోట్ల మానిటాల్ కలుపుతారు, అది తియ్యగా ఉంటుంది. తియ్యగా ఉందని షుగర్ గురించి కంగారుపడకండి, మానిటాల్ పేగుల్లోంచి రక్తంలోకి పెద్దగా చేరదు. చేరకపోవడం వల్లే ఇంకో తిప్పలు వస్తుంది. గంటా రెండు గంటల్లో విరేచనాలు అవుతాయి. ఈ మాట చాలా సెంటర్లలో ఎవరూ చెప్పరు. స్కాన్ అయిపోయింది కదా అని వెంటనే నంద్యాల బస్సెక్కితే దారిలో అమ్మగారు పడే అవస్థ అంతా ఇంతా కాదు. ఒకటి రెండుసార్లు బాత్రూముకు వెళ్లొచ్చాకే బయలుదేరండి.

నగల గురించి ప్రతి ఇంట్లో ఒక రగడ జరుగుతుంది, ముఖ్యంగా మంగళసూత్రం తీయమన్నప్పుడు. ఎమ్మారైలో లోహం ప్రమాదం. సీటీలో లోహంతో ప్రమాదం లేదు, చిత్రంలో అడ్డంగా తెల్లటి చారలు పడి వెనకున్నది కనపడదు, అంతే. కాబట్టి తీసేది స్కాన్ జరిగే చోట ఉన్న లోహాన్నే. పొట్ట స్కాన్‌కు సూత్రాన్ని పైకి జరిపి మెడ దగ్గర పెట్టుకోనిస్తారు, లేదంటే పసుపుతాడు కట్టుకుని రావొచ్చు, తాడు ఎక్స్‌రేలో కనిపించదు. కాలి మెట్టెలు తీయాల్సిన అవసరమే లేదు. మొలతాడుకు వెండి బిళ్ల, లంగాకు పిన్నీసు, జాకెట్ హుక్కులు ఉంటే ముందే చూసుకోండి. విలువైనవి ఇంట్లోనే పెట్టి రండి. గౌను ఇస్తారు, ఆడమనిషి సాయం కావాలంటే అడగండి.

మోచేతి మడతలోనో ముంజేతికో సూది పెట్టి, ముందు సెలైన్ కొట్టి చూస్తారు. అమ్మగారిని వెల్లకిలా పడుకోబెట్టి, రెండు చేతులూ తలమీదికి చాపమంటారు. భుజం పట్టేసి చెయ్యి లేవని మనిషైతే బలవంతాన ఎత్తించకముందే చెప్పండి, దిండు పెట్టి సర్దుతారు. ఆ తర్వాత మేమంతా బయటకు వెళ్లి తలుపు వేస్తాం. ఇక్కడే చాలామంది భయపడతారు, ‘అంత ప్రమాదం కాకపోతే వీళ్లెందుకు పారిపోతున్నారు’ అని. మీ అమ్మగారికి ఇది ఒక్కసారి. లోపలే నిలబడితే మాకు రోజుకు ముప్పైసార్లు, ఏళ్ల తరబడి. అద్దంలోంచి ఆమెను చూస్తూనే ఉంటాం, మైకులో మాట వినిపిస్తూనే ఉంటుంది. చెయ్యి ఊపినా ఆపేస్తాం. గర్భంతో ఉన్నవాళ్లు మాత్రం లోపలికి తోడు వెళ్లకూడదు.

పంపు మందును సెకనుకు మూడు, నాలుగు మిల్లీలీటర్ల వేగంతో తోస్తుంది, మొత్తం 80 నుంచి 100 మిల్లీలీటర్ల దాకా. అప్పుడు గొంతులోంచి కిందికి ఒళ్లంతా వేడి పాకుతుంది, నోట్లో ఇనుము నాకినట్టు రుచి వస్తుంది. కింద తడిసిపోయినట్టు, మూత్రం పడిపోయినట్టు అనిపిస్తుంది. నిజంగా పడదు. ఈ ఒక్క మాట అమ్మగారికి తప్పకుండా ముందే చెప్పండి. తెలియని పెద్దవాళ్లు సిగ్గుతో ముడుచుకుపోయి, కాళ్లు దగ్గరకు లాక్కుని కదులుతారు, చిత్రం చెడుతుంది. ఆ వేడి నిమిషంలోపే పోతుంది. సూది దగ్గర మంట, వాపు వస్తే మాత్రం ఓర్చుకోకూడదు, గట్టిగా అరవమనండి. మందు నరం బయటకు పోతుంటే వెంటనే పంపు ఆపాలి.

ఊపిరి సంగతి నాకు ఒకావిడ నేర్పింది. మిషన్‌లో ముందే రికార్డు చేసిన గొంతు ఉంటుంది, ఊపిరి పీల్చండి, బిగపట్టండి, వదలండి అని. మేము పెట్టింది ఇంగ్లీషులో మాట్లాడేది. ఆత్మకూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ అద్దం అవతల ఆ గొంతు వింటూ, దానికి మర్యాదగా తల ఊపుతూ, మామూలుగా ఊపిరి తీస్తూనే ఉంది. చిత్రంలో కాలేయం అంచులు రెండుగా కనిపించాయి. మళ్లీ తీయాల్సి వచ్చింది, అంటే ఆమెకు మరోసారి ఎక్స్‌రే. బయటకు వచ్చాక, “ఆ పిల్ల ఏదో అడుగుతా ఉంది నాయనా, నాకు అర్థం కాలేదు” అంది. ఆ రోజు నుంచి బల్ల మీద పడుకోగానే తెలుగులో చెప్పి, రెండుసార్లు చేయించి చూశాకే బయటకు వచ్చేదాన్ని. మీరూ టెక్నీషియన్‌ను అడగండి, “మా అమ్మకు తెలుగులోనే చెప్పండి, ఒకసారి చేయించి చూడండి” అని. ఇంట్లో కూడా రెండు మూడుసార్లు పది, పదిహేను సెకన్లు బిగపట్టడం అలవాటు చేయించండి. క్లోమం కోసం ఇలా రెండు మూడు విడతలు తీస్తారు, మందు రక్తనాళాల్లో ఉన్నప్పుడు ఒకసారి, అవయవాల్లోకి చేరాక ఇంకోసారి. మళ్లీ మళ్లీ తీస్తున్నారంటే ఏదో దొరికిందని అర్థం కాదు.

ఇక రేడియేషన్. మనందరం నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్టుల (రేడియేషన్‌ను కొలిచే లెక్క) రేడియేషన్ ఎలాగూ పొందుతుంటాం. పొట్ట సీటీ ఒక విడతకు 8 నుంచి 10 దాకా ఉంటుంది, అంటే మూడు నాలుగేళ్ల సహజ రేడియేషన్ ఒకేసారి అన్నమాట. విడతలు ఎక్కువైతే అదీ పెరుగుతుంది. ఇది సున్నా అని నేను చెప్పను. దీనివల్ల ఎప్పుడో క్యాన్సర్ వచ్చే అవకాశం చాలా స్వల్పంగా పెరుగుతుంది, అదీ చిన్నపిల్లల విషయంలో ఎక్కువ, వయసు పెరిగేకొద్దీ తక్కువ. 58 ఏళ్ల మనిషికి నొప్పి, బరువు తగ్గడం ఉన్నప్పుడు ఆ చిన్న లెక్క కోసం స్కాన్ మానేయడం తప్పు. స్కాన్ అయిపోయాక ఒంట్లో రేడియేషన్ ఏమీ మిగలదు, మనవళ్లను వెంటనే ఎత్తుకోవచ్చు. ఏ బాధా లేని మనుషులు ఆఫర్ ఉందని ‘ఫుల్ బాడీ సీటీ’ చేయించుకోవడమే నాకు నచ్చనిది. దాన్ని ఎవరైనా అంటగట్టబోతే వద్దనండి.

స్కాన్ అయ్యాక అరగంట అక్కడే కూర్చోబెట్టండి, అంతవరకు సూది తీయనివ్వకండి. మందు పడకపోతే ఎక్కువగా ఆ అరగంటలోనే తెలుస్తుంది. కొద్దిమందికి దురద, దద్దుర్లు, ఒక వాంతి లాంటివి వస్తాయి, ఇంజెక్షన్‌తో తగ్గిపోతాయి. ఊపిరాడకపోవడం, బీపీ పడిపోవడం లాంటి తీవ్రమైనవి ఇప్పుడు వాడే మందులతో పదివేలమందిలో నలుగురికి. డాక్టరు ఉన్న చోటికే వెళ్లమని అంత గట్టిగా చెప్పింది ఆ నలుగురి కోసమే. తర్వాత నీళ్లు బాగా తాగించండి, నీళ్లు తగ్గించమని డాక్టరు చెప్పి ఉంటే తప్ప. మరునాడు దద్దుర్లు వచ్చినా, మూత్రం తగ్గినా ఫోన్ చేసి చెప్పండి.

బయటకు రాగానే అందరూ మా ముఖంలోకి చూస్తారు. “ఏమైనా కనిపించిందా మేడం?” అని అడుగుతారు. మాకు చెప్పే అధికారం లేదు, చెప్పకూడదు కూడా. వందల చిత్రాలను రేడియాలజిస్టు ఒక్కొక్కటిగా చూసి రాయాలి. మేము నవ్వినా నవ్వకపోయినా దానికి అర్థం వెతుక్కోకండి. మధ్యాహ్నం భోజనం లేక మొహం వాడిపోయి ఉన్న రోజున ఒక కూతురు నన్ను చూసి ఏడ్చేసింది. వాళ్ల నాన్న రిపోర్టు బాగానే వచ్చింది.

రిపోర్టు ఆ సాయంత్రానికో మరునాటికో వస్తుంది. పేరు, వయసు, తేదీ సరిపోయాయా చూడండి. ఫిల్ములతో పాటు సీడీ తప్పకుండా అడగండి. ఫిల్ము మీద ఉండేవి ఎంచిన కొన్ని చిత్రాలే, సీడీలో మొత్తం ఉంటాయి. రేపు హైదరాబాద్ నిమ్స్‌కో తిరుపతి స్విమ్స్‌కో వెళ్లాల్సి వచ్చినా సీడీ ఉంటే మళ్లీ తీయాల్సిన పని చాలావరకు తప్పుతుంది. ఎండలో, బీరువా పైన పడేయకుండా మొబైల్లోనో కంప్యూటర్లోనో కాపీ పెట్టుకోండి.

రిపోర్టు చదివి రాత్రంతా ఫోన్లో వెతుక్కుంటూ కూర్చోవద్దు. ‘లీజన్’ అంటే చుట్టుపక్కల కంటే వేరుగా కనిపించిన చోటు అని మాత్రమే, గడ్డ అని కాదు. ‘ఫ్యాటీ లివర్’, ‘సింపుల్ రీనల్ సిస్టు’ లాంటివి ఈ వయసులో చాలామందికి ఉంటాయి. సిస్టు, అంటే నీటి తిత్తి, పక్కన ‘హెచ్‌యూ’ అని అంకె ఉండొచ్చు, అది సాంద్రతను చెప్పే కొలత. నీళ్లకు అది సున్నా, కాబట్టి సున్నా దగ్గరగా ఉంటే లోపల నీరే అని డాక్టర్లకు ధైర్యం. ‘క్లినికల్ కోరిలేషన్’ అని రాస్తే, చిత్రాన్ని రోగి బాధతో కలిపి చూసి డాక్టరు తేల్చుకోవాలని. చివర్లో ‘ఇంప్రెషన్’ అని ఉండే నాలుగు వాక్యాలే అసలు సారం.

అమ్మగారితో ‘నీకేమీ లేదు, ఊరికే’ అని మాత్రం అనకండి. ఏమీ లేకపోతే కర్నూలు దాకా ఎందుకని ఆమెకే అనుమానం వస్తుంది, ఇంకా ఎక్కువ భయపడుతుంది. “గ్యాస్ అడ్డమొచ్చి మొన్న కనపడలేదంట, దీంట్లో కనపడుతుందంట, నేను తలుపు బయటే ఉంటా” అని ఉన్నదున్నట్టు చెప్పండి. వేడి సంగతి, ఊపిరి సంగతి కూడా చెప్పేయండి. ఆ వేళకు డాక్టరు ఉంటారంటే ఉదయం తొమ్మిదిలోపు స్లాట్ అడగండి, ఖాళీ కడుపుతో ఎక్కువసేపు ఉండాల్సిన పని తప్పుతుంది. మీ సంచిలో ఒక డబ్బాలో పెరుగన్నం, నాలుగు గ్లూకోజ్ బిస్కెట్లు, మార్చుకోవడానికి ఒక చీర పెట్టుకోండి. రిపోర్టు వచ్చాక ఇంప్రెషన్‌లో ఉన్న వాక్యాలను ఉన్నవి ఉన్నట్టు రాసి పంపితే ఏ మాటకు అర్థమేమిటో విడమరిచి చెబుతాను. చికిత్స ఏమిటన్నది మాత్రం మీ డాక్టరు గారి నోటి నుంచే వినండి.